ఎనభై రెండు కిలోల ఇసుక

మా వదినని అందరూ బెత్తెడక్క అంటారు. బెత్తెడంటే నాలుగు వేళ్ళ మందం. కారు చక్రానికీ దాని పైనున్న మడ్‌గార్డుకీ మధ్య ఎంత సందుందో ఆవిడ టేపుతో కొలవదు, చెయ్యి పెట్టి చూస్తుంది. నాలుగు వేళ్ళూ దూరితే కంపెనీ ఇచ్చిన ఎత్తు. మూడైతే రోడ్డుకి తగ్గట్టు దించిన కారు. రెండే పట్టాయంటే రేసు ట్రాక్ కోసం దించింది. ఒక్క వేలు కూడా కష్టంగా దూరితే, "ఇది కారు కాదు నాయనా, తివాచీ. పరుచుకుని కూర్చోండి" అంటుంది.

ఆవిడ మావారికి అక్క. వాళ్ళ నాన్నది లారీల కమాను పట్టీలు కట్టే షెడ్డు. ఇనప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి, బరువుకి వంగి మళ్ళీ లేచేలా బిగించే పని. చిన్నప్పుడు వదిన బడి నుంచి రాగానే సంచీ మేకుకి తగిలించి ఆ షెడ్డులోనే కూర్చునేదట. చక్రం వెనక పెద్దవాళ్ళ చెయ్యి పట్టని చోట ఆవిడ చెయ్యి పట్టేది. "అలా దూర్చిన చెయ్యి, ఇంతవరకూ బయటికి రాలేదు" అని నవ్వుతుంది. లారీలు పోయి కార్లు వచ్చాయి, పట్టీలు పోయి చుట్ట స్ప్రింగులు వచ్చాయి. షెడ్డు మాత్రం అదే. రేకుల కప్పు, మధ్యలో మనిషి లోతు గొయ్యి, గోడ నిండా సుద్దతో రాసిన అంకెలు.

పెళ్ళి కూడా ఆ షెడ్డే చేసింది ఆవిడకి. పక్క కొట్టు బేకరీ. బేకరీ ఆయన ఒకరోజు బుట్టెడు నలిగిన రొట్టెలు తెచ్చి గుమ్మంలో పెట్టి, "నా వ్యాను గుంతలో పడ్డప్పుడల్లా ఇదీ గతి. ఏమైనా చెయ్యగలరా?" అన్నాడట. వదిన స్ప్రింగులు మెత్తనివి వేసి పంపింది. మర్నాడు ఒక్క రొట్టె కూడా నలగలేదు. అయినా ఆయన మళ్ళీ వచ్చాడు. ఆ పై వారమూ వచ్చాడు. "వ్యానులో ఇంకా ఏదో చప్పుడొస్తోందండీ" అంటాడట. వదిన వ్యాను కిందికి దూరి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. "చివరికి తెలిసింది, చప్పుడు వ్యానులోది కాదని" అంటుంది ఇప్పటికీ. నాకు అన్నయ్య వరస ఆయన. పిండి తూచినంత జాగ్రత్తగా మాట్లాడతాడు. వేగమంటే భయం, పెళ్ళామంటే అంతకన్నా భయం.

కారు దించమని ఎవరొచ్చినా వదిన మూడు ప్రశ్నలు అడుగుతుంది. అందులో ఎవరెవరు కూర్చుంటారు? ఏ దారిన తిరుగుతారు? ట్రాక్‌కి నిజంగా వెళ్తారా, ఉత్త మాటేనా? జవాబులు నచ్చకపోతే పని ముట్టుకోదు. ఒకసారి పళ్ళ డాక్టరు వచ్చాడు. ఎవరి దగ్గరో స్ప్రింగులు కోయించుకుని, కారుని నేల బారుకి దించేశాడు. అది వీధిలో కప్పలా గెంతుతోంది.

"ఇంకొంచెం దించండక్కా. నలుగురూ తిరిగి చూడాలి."

"పన్ను నొప్పికి దవడ కోసుకొచ్చారే! ఇంకా దించితే చూసేది నలుగురు కాదు డాక్టరుగారూ, క్రేను వాడొక్కడే."

"రేసు కార్లన్నీ కిందికే ఉంటాయిగా?"

అప్పుడు వదిన చేతులు తుడుచుకుని చెప్పింది. నేను టీ ఇవ్వడానికి వెళ్ళి, అక్కడే నిలబడి విన్నాను. "బరువు నేలకి దగ్గరైతే మలుపులో కారు పక్కకి ఒరగదు. అది నిజమే. కానీ దించిన కొద్దీ స్ప్రింగు ఆడే చోటు తగ్గిపోతుంది. చోటు తగ్గితే స్ప్రింగు గట్టిదై ఉండాలి, లేకపోతే అడుక్కి కొట్టుకుంటుంది. ట్రాక్ అద్దంలా ఉంటుంది కాబట్టి గట్టిదైనా చెల్లుతుంది. మన రోడ్డు మీద అంత గట్టిది వేస్తే చక్రం సగం సేపు గాల్లోనే ఉంటుంది. గాల్లో ఉన్న చక్రం మలుపు తిప్పలేదు, బ్రేకూ వెయ్యలేదు. పట్టు ఉండాలి, విడుపూ ఉండాలి. మీదంతా పట్టే."

పళ్ళ డాక్టరు మొహం చిన్నబుచ్చుకోలేదు. షెడ్డు వెనక గుడ్డ కప్పి ఉన్న కారు వైపు చూసి, "పోనీ అది నాకిచ్చెయ్యండి" అన్నాడు.

అది మావారిది.

మావారు సిటీ బస్సు డ్రైవరు. "వారమంతా ఏనుగుని తోలి, ఆదివారమన్నా గుర్రం ఎక్కొద్దా?" అనేవారు. అక్కా తమ్ముడూ కలిసి, రెండు సీట్ల పాత ఎర్ర స్పోర్ట్స్ కారుని ముక్కలు ముక్కలుగా తెచ్చి మూడేళ్ళు కూర్చారు. కొత్త స్ప్రింగులు వేసి, రేపో మాపో ట్రాక్‌కి తీసుకెళ్ళాలనుకుంటుండగా ఆయన గుండె ఆగిపోయింది. రెండేళ్ళయింది. కారు మీద గుడ్డ కప్పాం. నేను షెడ్డు వెనక్కి వెళ్ళడం మానేశాను.

అందుకే డాక్టరు అడగ్గానే, "ఇచ్చేద్దాం వదినా" అన్నాను.

వదిన శుభ్రంగా ఉన్న స్పానరునే మళ్ళీ తుడిచింది. డాక్టరు వెళ్ళాక అడిగింది.

"నిజంగానే ఇచ్చేస్తావా?"

"ఏం చేసుకుంటాం? రోడ్డు మీద నడిపితే పొట్ట గీసుకుంటుందంటారు. ట్రాక్‌కి తీసుకెళ్ళే మనిషి లేరు."

"మనిషి లేరా? మరి నేనెవర్నే, స్టెప్నీనా?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. పక్కనున్న టైరు మీద కూర్చుంది.

"వచ్చే నెల ట్రాక్ వాళ్ళు ఒకరోజు అందరికీ తలుపులు తీస్తారు. కారు దాని చక్రాల మీదే వెళ్తుంది. తిరుగుతుంది. దాని చక్రాల మీదే ఇంటికొస్తుంది. లారీ ఎక్కించను. లారీ ఎక్కి ట్రాక్‌కి పోవడమంటే చంకనెక్కి పరుగుపందేనికి పోవడమే అనేవాడు తమ్ముడు. ఈ దారిలో ఎక్కడైనా దాని పొట్ట నేలకి తగిలిందా, ఆ డాక్టరుకిచ్చెయ్, నేను అడ్డు రాను. తగల్లేదా, కారు మనతోనే ఉంటుంది. సరేనా?"

"తగిలిందో లేదో తేల్చేదెవరు?"

"నువ్వే. గుండీ గోరంత పక్కకి పడితే చొక్కా మొత్తం విప్పి కుట్టే మనిషివి. నీకన్నా నిక్కచ్చి ఎవరున్నారీ వీధిలో?"

నేను ఇంట్లో బట్టలు కుడతాను. కుట్టుపని సుద్ద నీళ్ళలో కలిపి, బయల్దేరే ముందు కారు పొట్టకి పూస్తానని చెప్పాను. నేలకి తగిలితే సుద్ద చెరిగిపోతుంది, దాచడానికి ఉండదు. "అమ్మో, నిన్ను జడ్జీగా పెట్టుకుని నా గొయ్యి నేనే తవ్వుకున్నా" అంది వదిన. అని, నిజంగానే గోతిలోకి దిగి పని మొదలెట్టింది.

ఆ కారులో ఒక్కో షాకబ్జార్బరు చుట్టూ మరలుంటాయి. ఆ మరల మీద స్ప్రింగుని మోసే ఇనప వలయం ఉంటుంది. కొక్కెం ఉన్న స్పానరుతో వలయాన్ని కిందికి తిప్పితే కారు దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది. రోడ్డుకి మూడు వేళ్ళు, ట్రాక్ చేరాక చక్రానికి ఎనిమిది చుట్లు దించి రెండు వేళ్ళు, తిరుగు దారిలో మళ్ళీ మూడు. ఎత్తు మారితే చక్రాల వంపూ మారుతుంది కాబట్టి, దాన్ని రెండింటికీ మధ్యగా రాజీ చేసింది. ఇదీ లెక్క. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం నేను టీ పట్టుకుని, రెండేళ్ళలో మొదటిసారి షెడ్డు వెనక్కి వెళ్ళాను. వదిన కారులో కూర్చుని స్టీరింగు తిప్పి చూస్తోంది. నేను కారు వెనక నిలబడ్డాను.

"వదినా, ఇది వంకరగా ఉంది."

"ఏది?"

"కారు. మీరు కూర్చున్న వైపు భుజం పైకి లేచింది. గోరంత."

"నా చేత్తో కొలిచాను. తప్పే మాటే లేదు."

"అంచు మడత వంకరైతే నాకు తెలీదా?"

దిగి వచ్చి నాలుగు వైపులా చెయ్యి పెట్టి చూసింది. గొణిగింది. డ్రైవరు సీటులో రెండు సంచులు ఎత్తి పెట్టింది, మళ్ళీ కొలిచింది. ఇప్పుడు కారు గీత గీసినట్టు సమంగా ఉంది. "చూశావా?" అంది. సంచులు దించి తను ఎక్కింది. ఆ భుజం మళ్ళీ లేచింది.

నేను సంచుల వైపు చూశాను. బేకరీ పిండి సంచులు. మూతులు కుట్టింది నేనే, నీలం దారంతో.

కారు ఎత్తు సరిచూసేటప్పుడు నడిపే మనిషి సీటులో ఉండాలి, ఆ బరువుతోనే సమం చెయ్యాలి. మావారేమో డ్యూటీలో ఉండేవారు. అందుకని ఆయన బరువంత ఇసుక సంచుల్లో పోయించి, "ఇదిగో, వీడైతే టీ అడగడు, సలహాలివ్వడు" అని సీటులో కూర్చోబెట్టేది వదిన. గోడ మీద ఇంకా ఉంది: తమ్ముడు 82.

"వదినా, మీరెంత బరువుంటారు?"

ఆవిడ స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి గోడ మీది అంకె వైపు చూసింది. ముప్పై ఏళ్ళ పనిలో, కారులో ఎవరు కూర్చుంటారని వచ్చిన ప్రతివాణ్ణీ అడిగిన మనిషి. ఈ ఒక్క కారుకే అడగడం మర్చిపోయింది.

"వాణ్ణే కూర్చోబెట్టానే" అంది. "మూడు రోజులూ వాణ్ణే కూర్చోబెట్టి కొలిచాను."

నేను వెళ్ళి ఆవిడ పక్క సీటులో కూర్చున్నాను. టీ చల్లారిపోయింది. తర్వాత వదిన ముక్కు చీది, "బతికున్నప్పుడు నన్నొక్కసారి నడపనిచ్చాడు కాదు. పోయాక కూడా సీటు వదలడే!" అంది. ఏడుపు మధ్యలో నవ్వొస్తే ఆపడం ఎవరి తరమూ కాదు. బేకరీలోంచి అన్నయ్య పిండి చేతులతో పరిగెత్తుకొచ్చి, మమ్మల్ని చూసి, ఏడుస్తున్నామో నవ్వుతున్నామో తేల్చుకోలేక, ఎందుకైనా మంచిదని తనూ నవ్వాడు.

వదినని బేకరీ తక్కెడ మీద నిలబెట్టాం. రొట్టెలకి వచ్చిన వాళ్ళంతా చుట్టూ చేరారు. యాభై నాలుగు.

"ఇంతేనా? మాటలే ఎనభై కిలోలుంటాయే!" అన్నాడు అన్నయ్య. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన వేసిన మొదటి జోకు అదే. తర్వాత రెండు రోజులు దానికి శిక్ష అనుభవించాడు.

సంచుల కుట్లు నేనే విప్పాను. నీలం దారం ఒక్క లాగుకే వచ్చింది, నా కుట్టు అలాంటిది. ఇరవై ఎనిమిది కిలోలు తీసి, మిగతాది మళ్ళీ కుట్టాను. తీసిన ఇసుక డబ్బాలో పోసి షెడ్డు మూల పెట్టాం. నూనె ఒలికినప్పుడల్లా వదిన గుప్పెడు చల్లుతుంది. "ఉన్నన్నాళ్ళూ ఒక్కనాడు షెడ్డు ఊడ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు చేస్తున్నాడు పని" అంటుంది.

గోడ మీద తమ్ముడి అంకె కింద వదిన తనదీ రాసుకుంది: నేను 54. కారు మళ్ళీ మొదటి నుంచి సమం చేసింది, యాభై నాలుగుకి.

బయల్దేరే రోజు పొద్దున్నే కారు కింద పడుకుని పొట్ట పొడుగునా సుద్ద పూశాను. వదిన స్టార్టు చేసింది. ఆ ఇంజను చప్పుడు నేను రెండేళ్ళుగా వినలేదు. వెళ్ళిరండి అని చెప్పడానికే నిలబడ్డాను. అయితే ఎప్పుడు తలుపు తీశానో, ఎప్పుడు కూర్చున్నానో నాకే తెలీదు.

"ఏమే, నువ్వొస్తావని ముందే చెప్పొద్దూ? నీ బరువు లెక్కలో లేదు!"

"జడ్జీ లేకుండా కేసేమిటి?"

"ఇప్పుడు వలయాలు తిప్పితే సమం మొత్తం మళ్ళీ చూడాలి, టైము లేదు. ఒక పని చెయ్. ఎత్తు స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా దిగు. నేను దాటించాక ఎక్కు."

ట్రాక్‌కి రెండు గంటల దారి. పెద్ద స్పీడు బ్రేకర్లు పదకొండు. పదకొండు సార్లు దిగాను, పదకొండు సార్లు ఎక్కాను. ఆ సీటు ఎంత కిందికుందంటే, దిగడమంటే చాప మీంచి లేచినట్టే. వదిన కారుని ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ విడిగా ఎక్కించి దించేది. పక్కనున్న వాళ్ళు, పెట్రోలు అయిపోయిందేమోనని మూడు చోట్ల తొయ్యడానికి వచ్చారు. ఒక పెద్దాయనైతే, "ఏమ్మా, గొడవ పడ్డారా? కలిసి వెళ్ళండమ్మా" అని బతిమాలాడు.

ట్రాక్ దగ్గర జాకీ పెట్టి వలయాలు దించింది. చుట్ల లెక్క నాకిచ్చింది. ఒక్కో చుట్టుకీ ఒక గుండీ ఈ జేబులోంచి ఆ జేబులోకి. ముప్పై రెండు గుండీలు. తర్వాత వేళ్ళు పెట్టి చూసింది. రెండు, బిగుతుగా. హెల్మెట్ పెట్టుకుని, "వస్తా" అంది. గొంతు చిన్నదైపోయింది. అంతవరకూ ఆవిడ భయపడుతోందని నాకు తోచలేదు.

నేను కంచె దగ్గర నిలబడ్డాను. మొదటి చుట్టు మెల్లగా వచ్చింది. రెండోది కొంచెం వేగంగా. మూడో చుట్టులో పెద్ద మలుపు తిరిగేటప్పుడు చూశాను. మిగతా కార్లన్నీ అక్కడ ఒక పక్కకి ఒరిగిపోతున్నాయి. మాది ఒరగలేదు. గుడ్డ మీద కత్తెర పోయినట్టు, నేల అంటుకుని, ఒకే గీతలో పోయింది. నేను చప్పట్లు కొట్టానట. నాకు గుర్తులేదు, పక్కన నిలబడ్డ పళ్ళ డాక్టరు చెప్పాడు. ఆయన కారు అంతకుముందే అదే మలుపులో నాలుగు గెంతులు గెంతి గడ్డిలోకి పోయింది. మనిషికేం కాలేదు, కారు మాత్రం అక్కడే ఉంది.

"నాకది కావాలండీ. అదే కావాలి" అన్నాడు, మా ఎర్ర కారు పోయిన వైపు చూస్తూ. "మాట మీదే ఉన్నారుగా?"

"సాయంత్రం చెప్తాను" అన్నాను. ఆ మాట అంటూనే జేబులో గుండీలు గట్టిగా పట్టుకున్నాను. ఆ కారు పోతే బాగుండునని నెల కిందట నేనే కదా అనుకున్నది.

వదిన దిగి హెల్మెట్ తీసింది. జుట్టంతా తడిసిపోయింది, మొహం పదేళ్ళ పిల్ల మొహంలా ఉంది. "ఈ కారు గురించి వాడు చెప్పినవన్నీ నిజమేనే. ఆ మలుపులో కడుపులో చల్ల కదల్లేదు!" అని నన్ను వాటేసుకుంది, గ్రీజు చేతులతోనే.

గుండీలు ముప్పై రెండూ తిరిగి మొదటి జేబులోకి వచ్చాయి. కారు మూడు వేళ్ళకి లేచింది. తిరుగు దారిలో మళ్ళీ దిగుతూ, ఎక్కుతూ. పది దాటాం. ఎక్కడా తగల్లేదు. పదకొండోది మా వీధి మొదట్లో ఉంది. అక్కణ్ణుంచి షెడ్డు కనిపిస్తుంది. బేకరీ ముందు అన్నయ్య నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

"దిగు" అంది వదిన.

నేను దిగలేదు.

"దిగవే, ఇదొక్కటే ఉంది."

"దిగను వదినా. మన వీధిలోకి నేను ఇందులో కూర్చునే వస్తాను. నడిచి రాను."

నా మొహం చూసి ఆవిడ కారుని ఏటవాలుగా తిప్పింది. ముందు చక్రం ఎక్కింది, దిగింది. రెండోది ఎక్కింది. అప్పుడు కాళ్ళ కింద గర్రుమని చిన్న చప్పుడు. ఇద్దరం విన్నాం.

షెడ్డులోకి వచ్చాక వదిన ఇంజను ఆపి, తాళం తీసి నా చేతిలో పెట్టింది. నేను కారు కింద పడుకుని చూశాను. సుద్ద పొడుగునా పూసినట్టే ఉంది. ఒక్కచోట మాత్రం, బొటనవేలంత, చెరిగిపోయింది. అది నా సీటు కింద.

"తగిలింది" అన్నాను.

"మాటంటే మాట" అంది వదిన. గోడ వైపు తిరిగి నిలబడింది. "డాక్టరుకి ఫోను చెయ్."

చేశాను, అక్కడే, అందరూ వింటుండగా. "డాక్టరుగారూ, కారు ఇవ్వడం లేదండీ. తగిలింది కారు కాదు, నేను. దిగమంటే దిగలేదు. నా బరువుకి దాన్ని శిక్షించడం న్యాయం కాదు కదా. మీ కారు తెచ్చుకోండి, మా వదిన బాగు చేస్తుంది."

వదిన తిరిగి చూసింది. "జడ్జీయే నేరం చేస్తే?"

"కేసు కొట్టేస్తారు."

అన్నయ్య రొట్టె తెచ్చాడు, వేడిగా, ఎక్కడా నలగనిది. నిలబడే తిన్నాం. తిన్నాక వదిన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బేకరీ తక్కెడ ఎక్కించింది. సుద్ద తెచ్చి గోడ మీద, తమ్ముడు 82, నేను 54, వాటి కింద రాసింది: మరదలు 61.

"అరవయ్యే. చెప్పులతో ఎక్కాను."

"తక్కెడ అబద్ధమాడదు. రేపటి నుంచి రోడ్డు ఎత్తు ఇద్దరికీ కలిపి చూస్తాను. నీ సైజుకి ఒక సంచీ కుట్టిపెట్టు, ఇసుక పోద్దాం."

"సంచెందుకు వదినా? నేనే వచ్చి కూర్చుంటాను."